పది కిలోమీటర్ల గీత

సత్తుపల్లి జీపుల అడ్డాలో ఏ జీపు మీటరూ తిరగదు. బండి కొన్న వారంలోపే డ్రైవరు కిందికి దూరి మీటరు కేబులు ఊడదీస్తాడు. ఎప్పుడో అమ్మే రోజున బండి తక్కువ తిరిగినట్టు కనపడాలి. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు, వాడూ తన బండికి అదే చేసి ఉంటాడు. అయినా అందరూ ఊడదీస్తారు. తోమాసు జీపు మీటరు పదకొండేళ్లుగా ఒకే అంకె మీద నిలబడి ఉంది. రోజూ అదే జీపులో ముందు సీట్లో కూచుని ఓపెన్‌కాస్టు గనికి డ్యూటీకి పోయే సారంగపాణికి ఆ కదలని అంకెను చూస్తే అన్నంలో రాయి తగిలినట్టుండేది.

సారంగపాణిది ఇల్లందు. బొగ్గు బావుల సర్వే సెక్షనులో ముప్ఫై నాలుగేళ్లుగా చైన్‌మన్. సర్వేయరు దుర్బిణి దగ్గర నిలబడి అంకెలు రాసుకుంటాడు. అవతలి కొసన టేపు బిగబట్టి, మేకు పాతి, "రైట్ సార్" అని కేకేసేవాడు చైన్‌మన్. ఆ కేకతో అతని పని అయిపోతుంది. పటం మీద సంతకం సర్వేయరుది. పెళ్లి ఊరేగింపులో నడిచినా, శవయాత్రలో నడిచినా సారంగపాణి లోపల అడుగులు లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. కిలోమీటరుకి పదమూడు వందల ఇరవై అడుగులు అతనివి. ఆ మధ్య మోకాలు నొప్పి వచ్చాక పదమూడు వందల అరవై అయ్యాయి.

పాతికేళ్ల కిందట ఒక పాత బావిలో రెండు వైపుల నుంచి తవ్వుకొస్తున్న దారులు ఒకచోట కలవాల్సి ఉండింది. మేకు తప్పు పడింది, మీటరు తేడా వస్తోంది అని సారంగపాణి అన్నాడు. కొత్తగా వచ్చిన సర్వేయరు మేకు ముట్టుకోలేదు. మేకుకు సరిపోయేటట్టు టేపు కొలతనే పుస్తకంలో దిద్దాడు. "పట్టుకునేది నువ్వు, రాసేది నేను" అన్నాడు. దారులు కలవలేదు. విచారణ పెట్టారు. చైన్‌మన్ టేపు వదులుగా పట్టాడని తేల్చారు. సారంగపాణి పేరు టైపు కొట్టి ఇంటికొచ్చిన కాగితం జన్మలో అదొక్కటే, ఆ మెమో. అప్పటి నుంచి అతనికి ఒకటే నియమం. మేకు తప్పయితే మేకు పీకాలి, టేపును సాగదీయకూడదు.

రెండు వేల ఎనిమిది ఫిబ్రవరిలో అడ్డాకు ఒక వార్త వచ్చింది. నగరం నుంచి ఒక మోటారు క్లబ్బు వాళ్లు భద్రాచలం దగ్గర గోదారి ఒడ్డున విడిది కట్టారు. అడవి చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం. దాన్ని తెరిచే సందడిలో సత్తుపల్లి నుంచి అడవి బాటల వెంట కార్ల ర్యాలీ పెడుతున్నారు. నగరం కార్లు వేరు, ఊరి జీపులు వేరు. ఊరి జీపుల్లో మొదట వచ్చిన బండికి ఏడాది పొడుగునా విడిది అతిథుల్ని తిప్పే పని.

ఆ పని తోమాసుకు ఎంత అవసరమో అడ్డాలో అందరికీ తెలుసు. ఏడుగురు పట్టే ఆటోలు వచ్చాక జీపు ఎక్కేవాళ్లు తగ్గారు. పన్నెండు జీపుల్లో అయిదు ఇప్పటికే పాతసామాను కొట్లకు పోయాయి. సోమవారం మధిర నుంచి ఒకాయన తోమాసు బండి చూసుకోడానికి వస్తానన్నాడు. బండి పోతే తోమాసు బొగ్గు లారీ మీద కూలి డ్రైవరు.

"కాకా, నా పక్కన నువ్వే కూచోవాలె" అన్నాడు తోమాసు. "తోలేటోడు ఒకడు, కాగితం చూసి దారి చెప్పేటోడు ఒకడు. ఇద్దరుండాలంట."

"నాకు ఇంగ్లీషు రాదు గదరా."

"అంకెలు ఇంగ్లీషుల వేరేగ ఉంటయా ఏంది?"

తోమాసు భార్య సంపూర్ణకు ఆదివారం పూట ప్రార్థన ఎగ్గొట్టడం నచ్చలేదు. అయినా చపాతీలు, కోడిగుడ్డు కూర డబ్బాలో సర్ది సారంగపాణి చేతికిచ్చింది. "మావయ్యా, ఈయన స్టీరింగు పట్టుకుంటే చెవులు పనిచెయ్యవు. నీ మాటొక్కటే వింటడు. సోమవారం ఆ మధిరాయన వచ్చే పని లేకుండా చూడు" అంది.

సారంగపాణి తన వంతు పని పద్ధతిగా చేశాడు. పదో వంతు అంకె కూడా చూపించే మీటరు ఒకటి ఎక్కడో పాత బండిలోంచి పీకించి జీపుకు పెట్టించాడు. కొత్త కేబులు వేయించాడు. కాలనీ వెనక బాట మీద తెల్లవారుజామున ముప్ఫై మీటర్ల టేపు పరిచి, మేకులు పాతి కిలోమీటరు కొలిచాడు. దాని మీద జీపును ఆరుసార్లు నడిపించాడు. ఆరుసార్లూ మీటరు సరిగ్గా కిలోమీటరే చూపించింది.

"జానెడు కూడా తప్పలే" అన్నాడు టేపు చుడుతూ. నెల రోజుల్లో అతని ముఖంలో అంత వెలుగు తోమాసు చూడలేదు.

శనివారం సాయంత్రం క్లబ్బు మనిషి సాయికృష్ణ అందర్నీ కూచోబెట్టి నియమాలు చెప్పాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. ఇది వేగం పోటీ కాదన్నాడు. చేతికో పుస్తకం ఇస్తాం, ఎన్నో కిలోమీటరు దగ్గర ఎటు తిరగాలో అందులో ఉంటుంది. గంటకు ముప్ఫై ఆరు కిలోమీటర్ల లెక్కన, అంటే కిలోమీటరుకి వంద సెకన్ల చొప్పున, ఒకే తీరుగా పోవాలి. చెట్ల చాటున మావాళ్లు గడియారాలతో ఉంటారు, ఎక్కడన్నది చెప్పం. ఆలస్యంగా వస్తే సెకనుకొక పాయింటు కోత, ముందుగా వస్తే రెండు.

"ఇంకో ముఖ్యమైన మాట" అన్నాడు. "మొదటి పది కిలోమీటర్లకు లెక్క లేదు. పది దగ్గర రోడ్డు మీద తెల్లగీత గీశాం. అక్కడ మీ మీటరు ఎంత చూపిస్తే, దాన్నే మా పది అనుకుని మిగతా దారంతా ఆ లెక్కనే కలుపుకోండి. మీటరుకో తీరు ఉంటుంది కదా."

పుస్తకం మొదటి పేజీలో పోటీదారుల పట్టిక ఉంది. తోమాసు పేరు పక్కన కో-డ్రైవర్ పి. సారంగపాణి అని అచ్చయి ఉంది. సారంగపాణి ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు కూచున్నాడు. సాయికృష్ణ చెప్పిన ఆఖరి మాట అతని చెవిన పడింది గానీ, వేలు మాత్రం ఆ పేరు మీదే ఉంది.

ఆదివారం పొద్దున బళ్లు రెండేసి నిమిషాల తేడాతో బయల్దేరాయి. తోమాసుది మూడో జీపు. వాళ్ల వెనక నాలుగోది లాల్‌సింగ్‌ది. లాల్‌సింగ్ జూలూరుపాడు వైపు తండా మనిషి. పక్కన బావమరిది దేవ్లా పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, పరీక్షకు పోయే పిల్లాడిలా కూచున్నాడు.

"తోమాసన్నా, నిదానంగ పో. నీ పొగ మాకొద్దు" అని కేకేశాడు లాల్‌సింగ్.

"పొగ కనపడే దగ్గర నువ్వుంటే కదా!" అన్నాడు తోమాసు.

దమ్మపేట రోడ్డు మీద పామాయిలు తోటలు దాటాక తెల్లగీత వచ్చింది. సారంగపాణి మీటరు చూశాడు. పది పాయింటు నాలుగు.

నాలుగు వందల మీటర్ల తేడా. అతను తల బయటపెట్టి వెనక్కి చూశాడు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి కూడా అతని వైపే మాట్లాడుతోంది. పదో కిలోమీటరు ఎప్పుడో వెనకబడిపోయింది.

"కాకా, కలుపుదామా?" అన్నాడు తోమాసు.

"గీత తప్పురా."

"ఆ సారు కలుపుకోమన్నడు కదా."

"గీత ఎవడో సున్నం డబ్బా పట్టుకొని వచ్చి నచ్చిన కాడ గీసిండు. మన మీటరు నేను కొలిసిన. ఆరుసార్లు. రాయి సుత గదే చెప్తున్నది. తప్పును పట్టుకొని దిద్దుకుంట పోతే ఆఖరికి ఏడ తేలుతం?"

తోమాసు ఒక్క క్షణం గీత వైపు చూసి, గేరు వేశాడు. "నువ్వంటే అంతే కాకా. కాగితం నీది, కాలు నాది."

గీత దగ్గర పుస్తకం లెక్క, మీటరు లెక్క రెండూ మళ్లీ సున్నా నుంచి మొదలు, బండికీ బండికీ అవే రెండు నిమిషాల తేడా. కొంత దూరం పోయాక బాట అడవిలోకి తిరిగింది. ఎర్రమట్టి, గులకరాళ్లు, రెండు పక్కలా ఆకు రాల్చిన టేకు. మోదుగులు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. సారంగపాణి ఒక కన్ను చేతి గడియారం మీద, ఒక కన్ను మీటరు మీద పెట్టి చెబుతున్నాడు. "రెండు సెకన్లు ఎక్కువైనయి, తగ్గించు. ఆఁ, గిట్లనే." తోమాసు కాలు అతని మాటకు కట్టేసినట్టుండేది. గుంత వచ్చినా, మేకల మంద అడ్డమొచ్చినా, పోయిన సెకన్లను తర్వాతి మలుపులోపు తెచ్చుకునేవాడు. అలాంటి తోలుడు సారంగపాణి ముప్ఫై నాలుగేళ్ల ఉద్యోగంలో చూడలేదు.

పుస్తకంలో మలుపులన్నీ తొందరగా వచ్చేస్తున్నట్టు రాసి ఉంది. పన్నెండు దగ్గర అన్న మలుపు మీటరులో పన్నెండున్నర దగ్గర వచ్చింది. ప్రతిసారీ సారంగపాణి పెన్సిలుతో పక్కన సరైన అంకె రాశాడు. తర్వాత వాళ్లకు చూపించొచ్చు అనుకున్నాడు. ఒక మోదుగు కింద కుర్చీ వేసుకుని కూచున్న పిల్ల వాళ్ల కార్డు మీద టైము వేసి ఇచ్చింది. అది మొదటి గడియారం. ఇంకో చోట రెండోది. కార్డు మీద టైమే ఉంటుంది, తప్పొప్పులు ఉండవు. తోమాసు రెండుచోట్లా ఆ పిల్లలకు దండం పెట్టాడు.

"బండికి పచ్చరంగు వేయిస్తా కాకా" అన్నాడు. "విడిది వాళ్లకు పచ్చ అయితే బాగుంటది. అద్దం మీద నీ పేరు కూడా రాయిస్తా. ఆదివారం చర్చి అయినంక నిన్ను ఉత్తగనే గోదారికి తీసుకపోతా."

పుస్తకం లెక్కలో ముప్ఫయ్యో కిలోమీటరు మలుపు దగ్గర వెనక హారను మోగింది. లాల్‌సింగ్ జీపు. బాట వెడల్పైన చోట పక్కకు వచ్చి, దుమ్ము లేపుకుంటూ దాటిపోయింది. దేవ్లా పుస్తకంలోంచి తలెత్తలేదు.

తోమాసు నవ్వాడు. "చూసినవా వాని తొందర! ముందొస్తే రెండింతలు కోతని చెప్పినా బుర్రకెక్కలే."

సారంగపాణి నవ్వబోయాడు. అంతలో లోపల లెక్క దానంతట అదే నడవడం మొదలుపెట్టింది. లాల్‌సింగ్ రెండు నిమిషాలు వెనక బయల్దేరాడు. ఇప్పుడు పక్కకొచ్చాడు. రెండు నిమిషాలంటే నూట ఇరవై సెకన్లు. ముప్ఫై కిలోమీటర్లలో నూట ఇరవై. కిలోమీటరుకి నాలుగు. వందకి నాలుగు. గీత దగ్గర పదికి పది పాయింటు నాలుగు. అది కూడా వందకి నాలుగే.

గీత ఒక్కటే తప్పయితే ఆ తేడా ఒక్కచోటే ఉండాలి. ఇది అడుగడుగునా ఉంది. వాళ్ల పుస్తకమంతా ఒకే తప్పు టేపుతో కొలిచారు. గడియారాల దగ్గర కూచున్నవాళ్ల లెక్కా ఆ టేపుదే. ఈ రోజు ఈ అడవిలో ఆ టేపే సరైంది.

లాల్‌సింగ్ తొందరపడలేదు. వీళ్లే వెనకబడ్డారు.

అతను నోరు తెరిచాడు. తోమాసు సన్నగా ఏదో కీర్తన పాడుకుంటున్నాడు. ముందు ఇంకో గడియారం ఉంటుంది, అయిదు కిలోమీటర్ల దూరమో, ఆరో. నూట ఇరవై సెకన్లు అయిదు కిలోమీటర్లలో తెచ్చుకోవాలంటే ఈ గులకరాళ్ల మీద నలభై ఏడులో పోవాలి. పోగలడా? చెబితే ముందు తోమాసు ఇటు తిరిగి చూస్తాడు. ఆ చూపు సారంగపాణికి ఎరుకే. విచారణ గదిలో బల్లకు అవతలివైపు కూచున్నవాళ్ల కళ్లలో చూశాడు ఒకసారి.

"కాకా, ఎంతున్నం?" అన్నాడు తోమాసు.

సారంగపాణి గడియారం చూశాడు. "సరిగ్గనే ఉన్నం" అన్నాడు. "గిట్లనే పో."

బ్రేకు అతని వైపు లేదు, స్టీరింగు లేదు. ఉన్నది మాట ఒక్కటే. మూడో గడియారం ఒక వాగు దగ్గర వచ్చింది. కుర్చీలో కూచున్న కుర్రాడు కార్డు మీద టైము వేశాడు. సారంగపాణి ఆ కార్డును చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ములకలపల్లి ఊరి బయట బళ్లన్నీ అరగంట ఆగాయి. అక్కడి నుంచి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. తోమాసు చపాతీ డబ్బా విప్పాడు. సారంగపాణి పుస్తకం పట్టుకుని సాయికృష్ణ దగ్గరికి నడిచాడు.

"సార్, మీ బుక్కు వందకి నాలుగు తక్కువున్నది. రాళ్లు చూడుండ్రి. నేను చైన్‌మన్‌ను, కొలిసి చెప్తున్న."

సాయికృష్ణ పెన్సిలు దిద్దుళ్లన్నీ ఓపిగ్గా చూశాడు. "అబ్బ, ఎంత కరెక్టుగా పట్టుకున్నారండీ!" అన్నాడు. "నిజమే, మేం దారి కొలిచిన కారుకి పెద్ద టైర్లు. మీటరు తక్కువ చూపిస్తుంది. మాకు తెలుసు. అందుకే కదా పది దగ్గర గీత పెట్టి కలుపుకోమన్నాం."

"తెలిసే పెట్టిన్రా?"

"అందరికీ ఒకటే తప్పు ఉంటే ఇబ్బంది లేదు కదండీ." అతని గొంతులో ఎక్కడా వెటకారం లేదు. ఉంటే బాగుండేదనిపించింది సారంగపాణికి.

పక్కనే లాల్‌సింగ్ బీడీ కాలుస్తున్నాడు. "మాకు అంతంత లెక్కలు రావు పెద్దాయనా" అన్నాడు. "బుక్కు ఏం జెప్తే గదే. మా దేవ్లాకు అనుమానం అనేదే తెల్వదు. పెండ్లి కూడా గట్లనే చేసుకున్నడు."

తోమాసు అంతదూరం నుంచి చపాతీ ఊపుతూ పిలుస్తున్నాడు.

రెండో సగంలో సారంగపాణి టేపును సాగదీశాడు. పుస్తకం మార్జిన్లో కొత్త పట్టిక వేసుకున్నాడు. పుస్తకంలో అయిదుకి మీటరులో అయిదు పాయింటు రెండు. పదికి పది పాయింటు నాలుగు. మనసొప్పని అంకెల్ని ఒక్కటి కూడా తప్పకుండా రాశాడు. తోమాసుకు తేడా తెలియలేదు. అతనికి అందేది "పెంచు, తగ్గించు" అన్న రెండు మాటలే. వాగులో నీళ్లు ఇరుసు దాకా వచ్చిన చోట కూడా బండి ఊపిరి తప్పలేదు. కట్టెల మోపులతో వస్తున్న ఆడవాళ్లు పక్కకు జరిగి నిలబడితే, తోమాసు వేగం తగ్గించి, వాళ్ల మీద దుమ్ము పడకుండా దాటి, ఆ పోయిన సెకన్లను మళ్లీ తెచ్చిచ్చాడు. సారంగపాణి అడిగినవన్నీ తెచ్చిచ్చాడు. ఏది అడిగినా తెచ్చిచ్చేవాడే.

"కాకా, మాట్లాడవేంది? గెలిచే ముందే ఇంత బిగదీసుకుంటే గెలిచినంక ఏం చేస్తవ్?"

"అంకెలు చూస్తున్నరా."

"చూడు చూడు. నీ అంకెలే నాకు అన్నం పెట్టేది."

మధ్యాహ్నం మూడింటికి గోదారి వంతెన దాటారు. విడిది ముందు ఒక వ్యాను పక్కకు ఫలితాల కాగితం అంటించారు. జనం మూగారు. తోమాసు భుజాలతో తోసుకుని ముందుకు పోయాడు. సారంగపాణి రెండడుగులు వెనకే ఆగిపోయాడు.

ఊరి జీపుల్లో మొదటి పేరు లాల్‌సింగ్. మొత్తం కోత నూట డెబ్బై రెండు. తోమాసు పేరు అయిదోది. గడియారాల వరసలో నలభై ఎనిమిది, వంద, నూట నలభై. ఆ తర్వాతి మూడు, సున్నా, ఒకటి, సున్నా. మొత్తం రెండు వందల ఎనభై తొమ్మిది.

సాయికృష్ణ వచ్చి తోమాసు భుజం తట్టాడు. "సెకండ్ హాఫ్ మీలాగ ఎవరూ చెయ్యలేదండీ. మా నగరం కార్లు కూడా. మధ్యలో ఏం మార్చారు?"

తోమాసు ఏం మార్చలేదు అనబోయి ఆగాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు. నూట నలభై పక్కన సున్నా. కాసేపు ఆ రెండు అంకెల మధ్యే అతని చూపు నిలబడిపోయింది. తర్వాత వెనక్కి తిరిగాడు.

"ఎక్కడ తెలిసింది కాకా?"

సారంగపాణి అబద్ధం ఆడలేదు. "లాల్‌సింగ్ దాటినప్పుడు."

"అప్పుడే?"

"అవ్."

"అప్పుడే చెప్తే ఏం చేసేటోళ్లం?"

"వాగు కాడి గడియారం లోపల తెచ్చుకోవాలె. నలభై ఏడు మీద పోవాలె. ఆ రాళ్ల మీద..."

"పోయేటోణ్ని కదా" అన్నాడు తోమాసు.

అరవలేదు. సారంగపాణి లోపల లెక్క మళ్లీ నడిచింది, ఆపుదామన్నా ఆగలేదు. నలభై ఎనిమిది, వంద, ఒకటి. ఆ నూట నలభై లేకపోతే నూట నలభై తొమ్మిది. నూట డెబ్బై రెండు కంటే తక్కువ. పొద్దున గీత దగ్గర చేసిన తప్పుతో ఓడిపోలేదు. ఆ తప్పు ఉండగానే గెలవొచ్చు. ఈ లెక్క తోమాసు వేసుకున్నాడో లేదో అతనికి తెలియదు. అడగలేదు.

తిరుగు ప్రయాణం ఖాళీగా పోవడం జీపులవాళ్లకు అలవాటు లేదు. తోమాసు భద్రాచలం అడ్డాలో బండి ఆపి, "పాల్వంచ, పాల్వంచ" అని రెండు కేకలు వేశాడు. జనం ఎక్కడం మొదలుపెట్టారు. అతను బండి కిందికి దూరి, ఒక నిమిషంలో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. ఏం చేశాడో సారంగపాణికి చూడక్కర్లేదు. పొద్దున్నే మధిర మనిషి వస్తాడు.

ముందు సీట్లో ఇద్దరు మగవాళ్లు, ఒక తల్లీ బిడ్డా ఎక్కారు. ముందు సీటు గిరాకీది. అది తోమాసు అనలేదు, అనాల్సిన పని కూడా లేదు. సారంగపాణి వెనక ఎక్కి, మోకాళ్లు ముడుచుకుని, బియ్యం మూట పక్కన కూచున్నాడు. ఎదురుగా జంపక్క అనే ముసలామె బుట్టలో రెండు కోళ్లతో కూచుంది. బండి ఊరు దాటేదాకా ఆ కోళ్లను ఊరుకోబెడుతూనే ఉంది.

"డ్రైవరన్నా, పాల్వంచ ఇంకెంత దూరముంటది?" అని ముందుకు అరిచింది.

తోమాసు అద్దంలోంచి చూడకుండానే అన్నాడు. "నీ ఎదురుగ కూచున్నాయన్ని అడుగమ్మా. ఆయన కొలిసిండు."

జంపక్క సారంగపాణి వైపు తిరిగింది. అతనికి ఆ దూరం గజాలతో సహా తెలుసు. ముందు మనుషుల తలల మధ్య నుంచి మీటరు కనపడుతోంది. బండి యాభైలో పోతోంది. ముల్లు సున్నా మీద ఉంది.

"రాయి మీద ఎంతుంటే గంతనే అమ్మా" అన్నాడు.

"నాకు చదువు రాదు కదా నాయనా" అంది జంపక్క.

అతను తల వంచుకుని పుస్తకాన్ని సంచిలో టేపు కిందికి తోశాడు. రోడ్డు పక్క రాయి ఒకటి వెనక్కి పోయింది. కాసేపటికి ఇంకొకటి పోయింది.